లోపల వదిలిన గుడ్డ

ఖిదిర్‌పూర్, కలకత్తా
18-2-1989

చెల్లీ నారాయణమ్మా,

ఇక్కడ నేనూ మీ బావా ఒంట్లో బాగానే ఉన్నాం, నోళ్ళే రోజూ కొట్టుకుంటున్నాయి. అక్కడ నువ్వూ, సోములు మరిదీ, పిల్లా చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం తెచ్చిన బైరాగి మా పక్క గదిలో ఉంటాడు. డాకులో మీ బావతో కలిసి ఓడల్లోంచి సరుకు దించుతాడు. మనిషి మంచోడే గాని మతిమరుపు. గుడ్డసంచీ గుర్తు చేసి మరీ అడిగి తీసుకో. అందులో తవిటికి రెండు గౌన్లున్నాయి. పసుపుది రోజువారీకి, నీలంది ఎక్కడికైనా వెళ్తే వెయ్యడానికి. చంకల దగ్గరా నడుం దగ్గరా లోపల రెండేసి వేళ్ళ గుడ్డ వదిలాను. కింద అంచు నాలుగు వేళ్ళు మడిచాను. పిల్ల ఎదిగే కొద్దీ కుట్టు విప్పి వదులు చెయ్యి. మనిషిని చూడకుండా కుట్టేదాన్ని కదా, కొలత తప్పితే ఆ లోపలి గుడ్డే నా పరువు కాపాడాలి.

పదకొండో రోజున చూశాను దాన్ని. మళ్ళీ చూడలేదు. నా ఇద్దరు మగపిల్లలూ ఈ గదిలోనే నెలల పిల్లలుగా పోయారు. మూడోదైనా దక్కాలంటే తవుడికి అమ్మెయ్యమని అమ్మన్నమ్మ మామ్మ చెప్పింది. నువ్వు కుంచెడు తవుడు నా ఒళ్ళో పోసి, చేటలో పిల్లని పెట్టుకుని వెళ్ళిపోయావు. ఐదేళ్ళదాకా కన్నతల్లి నీడ పడకూడదు, నా పిల్ల అని నోటితో అనకూడదు, నిండిన రోజున తవుడు తిరిగిచ్చి కొనుక్కోవాలి అంది. ఇవన్నీ నీకు తెలియక రాయడం లేదు. రాసుకుంటే నాకు కొంచెం నిబ్బరంగా ఉంటుంది. వచ్చే నాగులచవితి వెళ్ళిన మూడో రోజుకి ఐదు నిండుతాయి.

ఇంకొక సంగతి. ఇక్కడికి దగ్గర్లో మటియాబురుజు ఉంది. వీధి వీధంతా పిల్లల బట్టలు కుట్టే ఇళ్ళే. అక్కడి కుట్టుపని పెద్ద మేస్త్రీని ఒస్తాగర్ అంటారు. నా గౌను తిరగేసి చూసి, చెయ్యి మంచిదే గాని అంచులు పోగులు లేస్తున్నాయి, ఓవర్‌లాక్ మిషను నేర్చుకుని రమ్మన్నాడు. మీ బావ నవ్వుతున్నాడు, ముసలితనంలో మువ్వలు కట్టుకుంటున్నావంటున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళకే ముసలిదాన్నయిపోయానా? కొలతలు రాయి.

నీ అప్ప
దాలమ్మ


చినకొత్తూరు, మందస మండలం
10-3-1989

అప్పకు నారాయణమ్మ నమస్కారాలు.

బైరాగి సంచీ మర్చిపోలేదు, తనే మర్చిపోయి పక్క ఊళ్ళో దిగిపోయాడట. నడిచి తెచ్చిచ్చాడు. పసుపు గౌను వేసుకుని తవిటి రెండు రోజులు విప్పనివ్వలేదు. నీలంది కొంచెం వదులు. ఉండనీ, జీడిపిక్కల రోజులు అయ్యేసరికి సరిపోతుంది.

పోయినేడాది నువ్వు పంపిన ఆకుపచ్చ గౌను మూడుసార్లు విప్పి కుట్టాను. లోపలి గుడ్డ ఇంకా కొత్తగా ఉంది, పైది వెలిసిపోయింది. పాత రంగూ కొత్త రంగూ పక్కపక్కనే గీతల్లా కనిపిస్తున్నాయి. ఈ పిల్ల ఎంతెంత ఎదిగిందో ఆ గీతల మీద చూసి చెప్పొచ్చని మీ మరిది అన్నాడు. సాయంత్రాలు నాకు అదే పని. అది నా తొడ మీద తలపెట్టుకుని పడుకుంటుంది, నేను కుట్లు విప్పుతుంటాను.

కొలతలు: భుజం నుంచి మోకాలికి నా జానతో మూడు జానలు, బెత్తెడు తక్కువ. ఛాతీ చుట్టూ రెండున్నర జానలు.

శ్యామసుందర్ మాస్టారు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగారు, జూన్‌లో పిల్లని బడిలో వేస్తారా అని. తల్లీతండ్రీ పేర్లు రాయాలట. చూద్దాం అన్నాను.

నిన్న "ఈ గౌన్లు ఎవలు కుడతారే?" అని పక్కింటావిడ అడిగితే "కలకత్తా పెద్దమ్మ. ఆవిడికి పిల్లల్లేరు, అందుకే నాకు కుడతాది" అంది. దాని నోరు మూశాను. నీకు రాయకూడదనుకున్నాను, రాసేశాను. ఏమీ అనుకోకు.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్
2-5-1989

చెల్లీ,

పిల్లలమాటకి ఏటి అనుకుంటాను? పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాను, తర్వాత అన్నం మాడిందని మీ బావ కేకలేస్తే ఏడుపు ఆగింది.

నీకో వింత చెప్పాలి. ఓవర్‌లాక్ పట్టేశాను. మన మిషనుకి ఒక సూది, ఒక కండె. ఈ రాక్షసికి నెత్తిమీద మూడు పెద్ద కండెలు, సూది పక్కన చిన్న కత్తి. గుడ్డ లోపలికి పోతుంటే కత్తి అంచు కోసుకుంటూ పోతుంది, వెనకే దారాలు ఆ అంచుని అల్లేస్తాయి. కాలు ఆనించడం ఆలస్యం, మోటారు కుక్క తరిమినట్టు పరిగెడుతుంది. మొదటిరోజు గౌను చెయ్యి, మెడ అన్నీ కలిపి కోసేశాను. నాకు నేర్పే రొకేయా దీదీ "ఆస్తే, దీదీ, ఆస్తే!" అని నా మోకాలు పట్టుకుని ఆపింది. మెల్లిగా అని. ఆ గౌను చూసి ఒస్తాగర్ చాచా, చేతుల్లేని పిల్ల దొరికితే తొడుగుదాం అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

దారం ఎక్కించడమే పెద్ద చదువు. కింద రెండు కొక్కేల్లోంచి పోవాలి, ఏది ముందో తప్పితే మళ్ళీ మొదటికి. పాత దారం పూర్తిగా లాగెయ్యకూడదట. కండె దగ్గర తెంపి, కొత్త దారం ముడేసి లాగితే అదే దాని దారి పట్టుకుని వచ్చేస్తుంది. ఈ కిటుకు దీదీ పదిరోజులకి గాని చెప్పలేదు. ఇంతలో కరెంటు పోతుంది. ఇక్కడ దాన్ని లోడ్‌షెడ్డింగ్ అంటారు. అందరం చీకట్లో విసనకర్రలు పట్టుకుని కూర్చుంటాం.

పని బాగా వస్తే చాచా మిషను ఇంటికే ఇస్తాడు. అప్పుడు గదిలోనే కుట్టుకోవచ్చు. పిల్ల కళ్ళెదుటే ఉంటుంది, నా చెయ్యీ ఆడుతూ ఉంటుంది. దానికోసమే ఈ తంటాలన్నీ.

ఈసారి పంపే గులాబీ గౌను పూర్తిగా ఆ మిషను మీద కుట్టింది. తిరగేసి చూడు, ఒక్క పోగు పైకి లేస్తే నా పేరు మార్చుకుంటాను.

గర్వంతో నీ అప్ప
దాలమ్మ


చినకొత్తూరు
5-6-1989

అప్పకు,

గౌను అందింది. తిరగేసి చూడమన్నావు, చూశాను.

పోగులు లేవు, నిజమే. గుడ్డ కూడా లేదు. చంకల్లో గాని నడుములో గాని వేలెడు గుడ్డ వదల్లేదు, కింద మడత ఒక్క వేలే. అంతా కోసేశావు. ఐదేళ్ళుగా నువ్వు ఒక్క గౌనైనా ఇలా కుట్టలేదు. కార్తీకందాకా సరిపోతే చాలని కుట్టావు, ఆ తర్వాత విప్పి వదులు చెయ్యడానికి నారాయణమ్మ ఉండదు. అంతేనా అప్పా? నోటితో చెప్పలేక గౌనుతో చెప్పించావు. పైగా కళ్ళెదుటే ఉంటుంది, మిషను ఇంటికే వస్తుంది అని అన్నీ సర్దుకున్నావు. గడువు నేనేం మర్చిపోలేదే. తీసుకెళ్ళేదానివి తీసుకెళ్తావు. ఈ గుడ్డ కోసి చూపించడం ఎందుకు?

నాకూ తెలుసు, పెంచుకున్నంత మాత్రాన అయిపోదని. కాని అది రెండో ఏట కోరింత దగ్గొచ్చి నీలంగా అయిపోతే మందస దాకా ఎత్తుకుని పరిగెత్తినది నేను. అప్పుడు ఆ పరుగు ఎవరి పిల్ల కోసం అని ఎవరూ అడగలేదు.

పన్నెండో తేదీన బడి తెరుస్తారు. నేననుకున్నది తప్పయితే వెంటనే ఒక్క ముక్క రాయి. నీ ఉత్తరం కోసం చూస్తాను.

నారాయణమ్మ


చినకొత్తూరు
12-7-1989

అప్పకు,

ముప్పై ఏడు రోజులయింది. నీ దగ్గర్నుంచి కార్డు ముక్కయినా లేదు. జవాబు లేకపోవడమే జవాబు అనుకున్నాను.

పోయిన వారం తవిటిని బడిలో వేశాం. మాస్టారు పుస్తకం తీసి తండ్రి పేరు అడిగితే మీ మరిది సోములు అని తన పేరు చెప్పాడు. తల్లి పేరు అడిగితే నేను నారాయణమ్మ అన్నాను. నోరు జారి చెప్పిన మాట కాదు, తెలిసే చెప్పాను. మాస్టారు సిరాతో రాశారు.

తప్పని తెలుసు. కాని నువ్వు కోసేశాక నాకేదైనా ఒకటి మిగలాలనిపించింది.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్
30-7-1989

నారాయణమ్మా,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే చదివాను, ఒకదాని వెనక ఒకటి. జూన్ ఏడున మీ బావ ఓడ నిచ్చెన మీద నుంచి జారి పడ్డాడు. ఎడమకాలు రెండుచోట్ల విరిగింది. నెలన్నర పైనే ఆస్పత్రిలో ఆయన మంచం కిందే పడుకున్నాను. తాళం వేసిన గదిలోకి తలుపు సందులోంచి ఉత్తరాలు పడేసి పోయాడు పోస్టుమాన్. నేనిక్కడ మనిషి కాలు ఉంటుందా పోతుందా అని చూస్తుంటే నువ్వక్కడ నా మౌనానికి అర్థాలు తీసుకుంటూ కూర్చున్నావు.

గుడ్డ నేను కొయ్యలేదే తల్లీ, మిషను కోసింది. ఆ కత్తి అంచు కోస్తేనే కుట్టు పడుతుంది. అందులో ఎక్కువ గుడ్డ వదలడం ఎలాగో నాకప్పటికి రాదు. వచ్చిన కొత్త విద్య నీకు చూపించాలన్న మురిపెంలో పిల్ల ఎదుగుతుందన్న మాటే మర్చిపోయాను. తప్పంటే అది నా తప్పు. దానికి నువ్వు వేసిన శిక్ష ఏమిటి? బడి పుస్తకంలో నన్ను చంపేశావు.

తవుడుకి అమ్మడం అంటే నిజంగా అమ్మడమా? విధి కళ్ళు కప్పడానికి ఆడే ఆట అది. ఆటలో నువ్వు నిజం కొనేసుకున్నావు. అది నా పిల్ల. నేను కన్నాను. తొమ్మిది నెలలు ఈ చీకటి గదిలో భయపడుతూ మోశాను. నా పిల్లని నీ దగ్గర దాచుకున్నాను గాని నీకివ్వలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిజమే. కార్తీకంలో వస్తాను. నా పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. ఎవరడ్డొచ్చినా సరే, నా పిల్ల నా పిల్లే.

దాలమ్మ


చినకొత్తూరు
14-9-1989

అప్పకు,

బావ కాలు సంగతి తెలిసి మీ మరిది, నేను చాలా బాధపడ్డాం. అడక్కుండా నీ మీద నింద వేశాను. క్షమించు.

నీ ఉత్తరం ఆగస్టు ఏడున వచ్చింది. మీ మరిదికి చదివి వినిపించాను, పైకే చదివాను. తవిటి గుమ్మంలో ఆడుకుంటోంది. ఆ సాయంత్రానికే ఒళ్ళు కాలిపోయింది. మూడో రోజుకి మాట పడిపోయింది. పలాస తీసుకెళ్తే టైఫాయిడ్ అన్నారు. ఇరవైరెండు రోజులు అక్కడే ఉన్నాం. ఇప్పుడు లేచి తిరుగుతోంది. జుట్టంతా రాలిపోతుంటే గుండు చేయించాం.

నీ ఉత్తరంలో ఆ మాట ఐదుసార్లుంది అప్పా. అనకూడదన్న మాట. ఐదేళ్ళు నిండడానికి మూడు నెలలే ఉండగా ఐదుసార్లు రాశావు, నేను పైకి చదివాను. అమ్మన్నమ్మ మామ్మకి చెప్తే ఆవిడ నెత్తి బాదుకుంది. "దాలికి మతి పోనాదేటి? ఇద్దర్ని తినేసిన ఆ విధి మూడోదాని కోసం సూస్తంటే ఇది పేరెట్టి పిలుస్తాదా?" అంది. చదివిన నేనూ తక్కువదాన్ని కాదు. నిన్ను అనడానికి రాయడం లేదు.

మాస్టారిని అడిగాను. కన్నతండ్రి సంతకం పెట్టిన కాగితం ఇస్తే పేర్లు మారుస్తానన్నారు. ఆ కాగితం ఇందులో పెట్టాను. బావచేత సంతకం పెట్టించి నువ్వొచ్చేటప్పుడు తీసుకురా. దాని బట్టలు మూట కడుతున్నాను. అడ్డు రాను.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్
3-10-1989

చెల్లీ,

ఈ ఉత్తరం పైకి చదవకు. లోపల కూడా చదవకు.

దసరా పందిళ్ళకి కర్రలు పాతుతున్నారు, వీధంతా డప్పులు. నేను ఏ చప్పుడు విన్నా టెలిగ్రాం వచ్చిందేమోనని గుమ్మంలోకి వెళ్తున్నాను. నేను రాశాను, అవును. చేతులారా రాశాను. జ్వరానికి జ్వరమే కారణం, మాటకి ఒళ్ళు కాలుతుందా అని మీ బావ తిట్టాడు. ఆయన అలాగే అంటాడు. పెద్దాడు పోయినప్పుడూ నీళ్ళ వల్ల అన్నాడు, చిన్నాడు పోయినప్పుడూ గాలి వల్ల అన్నాడు.

కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు. నవంబరు మూడున మద్రాసు మెయిల్ ఎక్కుతాను. తవుడు అక్కడే తీసుకుంటాను. అన్నం సయించడం లేదని రాశావా, లేదా? నువ్వు రాయకపోయినా నాకనిపిస్తోంది. జావ పట్టించు.

దాలమ్మ


చినకొత్తూరు
13-11-1989

అప్పా,

చెప్పకుండా వెళ్ళిపోయావు. తెల్లారి లేచేసరికి నీ చాప మడిచి ఉంది. మీ మరిది సైకిలు మీద స్టేషనుకి వెళ్ళేసరికి బండి కదిలిపోయిందట.

తంతు సగంలో ఆగిపోయింది. పిల్లని గడప మీద నిలబెట్టి "ఎవలి పిల్లవే?" అని మామ్మ మూడుసార్లు అడగాలి, మూడోసారికి కన్నతల్లి పేరు చెప్పి నీ దగ్గరకి రావాలి. మొదటిసారి అడగ్గానే అది "మాయమ్మ పిల్లని" అని నా కుచ్చెళ్ళు పట్టుకుంది. చిన్నపిల్ల, కొత్త మొహం, భయపడింది. రెండోసారికి నేను నచ్చజెప్పేదాన్ని. రాత్రంతా నేర్పించాను కూడా, పెద్దమ్మ కాదు అమ్మ అను అని. నువ్వు ఒడిలో తవుడు పట్టుకుని లేచి నిలబడి "సాల్లే మామ్మా, అడక్కు" అనేశావు. ఎందుకన్నావు? నా మీద కోపమా? ఇప్పుడిది ఎవరి పిల్ల? మామ్మ ఏమీ చెప్పడం లేదు. ఆ కాగితం మాస్టారికి ఇచ్చావా? ఆయన ఇవ్వలేదంటున్నారు.

మూట అలాగే ఉంది. విప్పమంటావా, ఉంచమంటావా? ఒక్క ముక్క రాయి అప్పా. ఈసారి నేను ఏమీ ఊహించుకోను.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్
6-12-1989

చెల్లీ నారాయణమ్మా,

మూట విప్పెయ్యి. చలికాలం, దానికి ఆ బట్టలు కావాలి.

కోపం లేదు. నువ్వు దాని చెయ్యి విడిపిస్తూ ఉంటే చూశాను. ఇంకొక్కసారి అడిగితే నువ్వు విడిపించేదానివే, మూడోసారికి అది నా పేరు చెప్పేదే. నీ మాట జవదాటదు కదా. ఆ తర్వాతి సంగతి తలుచుకున్నాను. దాన్ని తీసుకొచ్చి ఈ గదిలో పడుకోబెట్టాలి. ఆ ఇద్దరూ పోయింది ఇక్కడే. రాత్రి అది దగ్గితే నేను లేచి కూర్చోవాలి. నుదురు ముట్టుకోవడానికి నా చేతికి భయం. అమ్మా అని అది పిలిచినప్పుడల్లా ఎవరు వింటున్నారోనని చుట్టూ చూసుకోవాలి. అలాంటి తల్లి దగ్గర ఏ పిల్ల ఎదుగుతుంది? ఆ గుండు తల, మెడ దగ్గర ఎముకలు చూశాక నాకు ధైర్యం చాలలేదు. అది బతికి ఉండడం కావాలి నాకు, అంతే. ఎక్కడైనా సరే, ఎవరి పేరు మీదైనా సరే.

కాగితం నా పెట్టెలోనే ఉంది. బడి పుస్తకంలో ఉన్నది ఉండనీ. తవుడు మీ గేదెకి పెట్టాను, చూసి ఉండవు.

చాచా మిషను ఇంటికి పంపించాడు. కిటికీ పక్కన వేశాం. పని బాగానే వస్తోంది, కత్తికి అందకుండా గుడ్డ మడిచి పట్టుకోవడం కూడా రొకేయా దీదీ చూపించింది. రోజుకి పాతిక గౌన్లు దిగుతున్నాయి. ఎవరెవరి పిల్లలకో తెలీదు, కొలతలు చాచా చెప్తాడు. మీ బావ కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తున్నాడు. డాకు పని ఇంక కుదరదు. నాకు దారపు కండెలు అందిస్తూ కూర్చుంటాడు.

నిన్న కొత్త రేషను కార్డులు రాయడానికి మనిషి వచ్చాడు. గుమ్మంలో నిలబడి "కజోన్?" అన్నాడు. ఎంతమందని. ఈ ఐదేళ్ళూ ఎవరడిగినా మీ బావ నోరు మెదపకుండా మూడు వేళ్ళు చూపించేవాడు. నిన్న కూడా అలవాటుగా మూడు వేళ్ళు ఎత్తాడు. నేను మిషను ఆపి లేచి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని ఒక వేలు మడిచేశాను.

దాలమ్మ